చిగురేసిన చెట్టు బతికినట్టేనా?



రోడ్డు వెడల్పు పని మొదలవుతుందనగా ముందుగా రంగుడబ్బా పట్టుకుని ఒక మనిషి వస్తాడు. దారి పొడవునా ఉన్న మర్రులకీ, వేపలకీ, చింతలకీ ఛాతీ ఎత్తున ఒక పట్టీ పూసి, దాని మీద అంకె వేసుకుంటూ పోతాడు. అంకె పడిన చెట్టుకు నూకలు చెల్లినట్టేనని ఊళ్ళో అందరికీ తెలుసు. కొన్నాళ్ళకు రంపం వస్తుంది, ఆ వెనకే లారీ వస్తుంది. ఈమధ్య కాలంలో మాత్రం ఇంకో మాట కూడా వినబడుతోంది. చెట్టును కొట్టెయ్యం, వేళ్ళతో సహా లేపి మరోచోట నాటుతాం అంటున్నారు. క్రేన్‌కు వేలాడుతున్న రావిచెట్టు ఫోటో పేపర్లో వస్తుంది. నెల తిరక్కుండానే మోడుకు చిగురు వచ్చిన ఫోటో ఇంకోటి వస్తుంది. ఆ తర్వాత ఆ చెట్టు సంగతి ఎవరూ రాయరు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ రెండో ఫోటో తర్వాత జరిగే కథ గురించి.

పెరిగిన చెట్టును కదిలించడం ఈనాటి విద్యేమీ కాదు. ఇప్పటికి దాదాపు మూడున్నర వేల ఏళ్ళ కిందట ఈజిప్టును ఏలిన హత్షెప్సుత్ రాణి, పుంట్ అనే దేశం నుంచి సాంబ్రాణి జాతి చెట్లను పడవల్లో తెప్పించింది. ఆమె ఆలయం గోడల మీద ఆ దృశ్యం చెక్కి ఉంది. చెట్టు మొదలును బుట్టలో పెట్టి, కర్రలకు వేలాడదీసి మనుషులు మోసుకుపోతున్నారు. వేళ్ళను మట్టి వదలనివ్వకూడదన్న మాట వాళ్ళకు అప్పుడే తెలుసన్నమాట. మన దగ్గర గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక నర్సరీల వాళ్ళకు ఇది నిత్యం చేసే పని. ఒడ్డూ పొడుగూ ఉన్న చెట్లను లారీలకెక్కించి రాష్ట్రాలు దాటిస్తారు. అయితే అమ్మడానికని నర్సరీలో పెంచిన చెట్టు వేరు, యాభై ఏళ్ళుగా ఒకేచోట కాళ్ళు చాపుకున్న చెట్టు వేరు.

చెట్టు పైకి ఎంత ఉంటే వేరు కిందికి అంత ఉంటుందని చాలామంది అనుకుంటారు. తల్లివేరు సంగతి పక్కన పెట్టండి. నీటినీ పోషకాలనీ పీల్చే సన్నటి పీచువేళ్ళలో ఎక్కువ భాగం పైనున్న ఒకటిన్నర రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. లోతుకు పోవడం కంటే పక్కకు పాకడమే వాటి అలవాటు. కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో అక్కడితో ఆగవు, దాన్ని దాటి ఇంకా చాలా దూరం పోతాయి. మరి మనం చెట్టును లేపేటప్పుడు మొదలు చుట్టూ నాలుగైదు అడుగుల మేర తవ్వి లేపుతాం. అంటే పీల్చే వేళ్ళలో నూటికి తొంభై పాతచోటే ఉండిపోతాయి. పైన ఆకులు మాత్రం నిన్నటిలాగే నీళ్ళు కావాలంటాయి. తరలించిన చెట్టుకు వచ్చే కష్టాలన్నిటికీ మూలం ఇదే.

ఎంత మట్టితో లేపాలి? పని తెలిసినవాళ్ళు పాటించే లెక్క తేలికైనదే. మాను మొదట్లో ఎంత లావుందో దానికి పదింతల వెడల్పున మట్టిముద్ద రావాలి. మీ పెరట్లో చెట్టు మొదలు చుట్టూ ఒక పురికొస చుట్టి చూడండి. రెండడుగుల చుట్టుకొలత వచ్చిందంటే దాని అడ్డుకొలత సుమారు 20 సెంటీమీటర్లు, అంటే 8 అంగుళాలు. దానికి పదింతలు, 2 మీటర్ల వెడల్పు ముద్ద కావాలి. మీటరు లోతున తవ్వారనుకోండి, ఆ మట్టి మూడు ఘనపు మీటర్ల పైమాటే. తడిమట్టి కాబట్టి బరువు 5 టన్నులు దాటుతుంది, చెట్టు బరువు దానికి అదనం. అదే మాను దీనికి రెండింతల లావుందనుకోండి, లోతు మారకపోయినా మట్టి నాలుగింతలవుతుంది, 20 టన్నులు. కాంట్రాక్టర్లు ముద్దను చిన్నది చెయ్యాలని చూడడానికి కారణం ఇక్కడుంది. ముద్ద తగ్గితే చిన్న క్రేన్ సరిపోతుంది, అద్దె కలిసొస్తుంది. ఆ మిగిలిన డబ్బు చెట్టు వేళ్ళలోంచి వస్తుందంతే.

సక్రమంగా చేసే పద్ధతికి కనీసం ఆరునెలల ముందు నుంచే ఏర్పాటు కావాలి. మట్టిముద్ద ఎంత ఉండాలో అంత వెడల్పున చెట్టు చుట్టూ ఒక వృత్తం గీస్తారు. ఆ గీత వెంట అడుగు వెడల్పు, మూడడుగుల లోతు కందకం తవ్వుతారు. ఒకేసారి చుట్టూ తవ్వరు. మృగశిర కార్తెలో వానలు పడ్డాక సగం చుట్టు తవ్వి, కొన్ని నెలలాగి మిగతా సగం తవ్వుతారు. అడ్డొచ్చిన వేళ్ళను పదునైన రంపంతో కోస్తారు. జేసీబీ పన్ను తగిలితే వేరు తెగదు, పీచులు పీచులుగా చీలిపోయి లోపలిదాకా కుళ్ళుతుంది. తర్వాత కందకాన్ని ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టితో పూడుస్తారు. రంపం కోత పడిన చోట వేరు అంచున ముందు చిన్న బుడిపెలాంటిది కడుతుంది. దాని చుట్టూతా దారాల్లాంటి తెల్లటి పిల్లవేళ్ళు పుట్టుకొస్తాయి. అవి ఆ గుల్లమట్టిని పట్టుకున్నాక చెట్టును లేపితే, వేళ్ళలో ఒక భాగమైనా కొత్తచోటికి వెంట వస్తుంది.

వినడానికి బాగుంది కదా. కానీ మన దగ్గర టెండరు ఖరారయ్యేది ఈ నెలలో, రోడ్డు పని మొదలయ్యేది పై నెలలో. చెట్లను తరలించాలన్న సంగతి అందరికీ చివర్లో గుర్తుకొస్తుంది. అనుమతి కాగితం చేతికి వచ్చేసరికి మాఘం పోయి ఫాల్గుణం వస్తుంది. ఎండలు ముదిరాక, అదీ కందకం తీయని చెట్టును లేపితే ఎంతటి నిపుణుడైనా చేసేదేమీ ఉండదు. ఇందులో చెట్టు తప్పు ఏముంది చెప్పండి?

అన్ని చెట్లూ ఒక్క తీరుగా ఉండవు. మర్రి, రావి, జువ్వి, మేడి కుటుంబం మొండి ప్రాణం. పాలుకారే ఈ జాతులు లావుపాటి కొమ్మను నరికి పాతినా వేళ్ళూనుతాయి. సిరిసిల్ల జిల్లా కోనరావుపేట మండలం సుద్దాలలో 70 ఏళ్ళ మర్రి ఒకటి పెద్దవానలకు కూకటివేళ్ళతో కూలిపోయి, నెలల తరబడి నేల మీదే పడి ఉంది. దానికి నీళ్ళు పోస్తూ వచ్చారు. 2022లో పెద్ద క్రేన్లు తెచ్చి దాన్ని ట్రైలర్ మీదికెక్కించి జిల్లెల్లకు తీసుకుపోయి నాటితే మళ్ళీ చిగురించింది. మర్రి గనుక అది సాధ్యమైంది. అదే చింతో, ఇప్పో అయితే పడిన నెలకే కట్టెలైపోయేది.

బూరుగ, గంగరావి కూడా ఫరవాలేదు. వేప, కానుగ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే వస్తాయి, లేకపోతే లేదు. చింత, నేరేడు, ముదిరిన మామిడి చాలా కష్టం. సుబాబుల్, యూకలిప్టస్ లాంటివాటి కోసం క్రేన్ అద్దె కట్టే బదులు కొత్త మొక్క నాటుకోవడం మేలు. కొబ్బరి, ఈత జాతులది ఇంకో దారి. వాటికి కొమ్మలుండవు, నడినెత్తిన మొవ్వు ఒక్కటే ప్రాణం. మట్టలు పైకి మడిచి కట్టి, మొవ్వు కదలకుండా దించగలిగితే చిన్న ముద్దతోనే బతుకుతాయి. గేటెడ్ కమ్యూనిటీల ముంగిట వరసలు తీరి కనిపించే ఖర్జూరాల రహస్యం ఇదే. వాటిని చూసి ఏ చెట్టునైనా తెచ్చి పాతొచ్చనుకుంటే చిక్కులో పడతాం.

కొమ్మలు ఎంతవరకు కొట్టాలన్న దాని మీద పెద్ద వాదమే ఉంది. వేళ్ళు పోయాయి కాబట్టి ఆకులూ పోవాలి, లేకపోతే చెట్టు వాడిపోతుంది అని మనవాళ్ళు మానును మోడు చేసి పంపుతారు. ఆకు లేకపోతే ఆహారం లేదు. పైగా వేరు పుట్టమని చెప్పే రసాయనం తయారయ్యేది కూడా చిగుళ్ళలోనే. కాబట్టి ఎండినవి, విరిగినవి, దారికి అడ్డొచ్చేవి తప్ప ముట్టుకోవద్దంటారు చల్లటి దేశాల నిపుణులు. మే నెలలో మన ఎండ చూస్తే వాళ్ళు కూడా కొంత మెత్తబడతారనుకుంటాను. నా మటుకు నేను మర్రి, రావి జాతుల్లో లావు కొమ్మల దాకా కొట్టడాన్ని తప్పుపట్టను. వేపలాంటి చెట్టుకు మాత్రం మూడోవంతుకు మించి కొయ్యనివ్వను. ఎంత కొట్టినా ఒక జాగ్రత్త అవసరం. ఇన్నాళ్ళూ ఆకుల నీడలో ఉన్న బెరడు ఒక్కసారి ఎండలో పడితే పడమటి వైపు మాడి పగులుతుంది. ఆ పగులులోకి పురుగు చేరుతుంది. మానుకు సున్నం పూయడమో, గోనెపట్టా చుట్టి అప్పుడప్పుడూ తడపడమో చెయ్యాలి.

లేపే రోజుకు ముందు రెండు మూడు రోజులు మొదట్లో నీళ్ళు నిండుగా పెడితే మట్టి ముద్దగా నిలుస్తుంది. చుట్టూ తవ్వాక ముద్దను గోనెపట్టాలతో బిగించి తాళ్ళతో అల్లుతారు. లేపేటప్పుడు బరువంతా ముద్ద కింద వేసిన పట్టీల మీద ఉండాలి, మాను పక్కకు పడిపోకుండా ఆనించి పట్టుకునేందుకు మాత్రమే పైన బెల్టు. ఇనప తాడును మానుకు వేసి ఒక్క ఊపున లాగేస్తే ఏమవుతుందో దగ్గరికి వెళ్ళి చూడండి. తాడు పడినచోట బెరడు చేతి రుమాలంత మేర నలిగి, తొక్కలా ఊడి చేతికొస్తుంది. లోపల తడితడిగా జారే సన్నపొర ఉంటుంది. చెట్టు లావెక్కేది ఆ పొరతోనే, ఆకులు చేసిన ఆహారం వేళ్ళకు దిగేది దానికి అంటుకున్న లోపలి బెరడు గుండానే. అది చుట్టూతా నలిగిందంటే ఎన్ని నీళ్ళు పోసినా చెట్టు నిలబడదు. కూలీలకు ఈ సంగతి చెప్పి పని మొదలుపెట్టించడానికి పదినిమిషాలు చాలు.

ఇక గొయ్యి. ముద్దకు రెండు మూడింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎంతో అంతే. ఎక్కువ లోతు తవ్వి కింద ఎరువు మట్టి పోసి కూర్చోబెడితే, అది నాలుగు వానలకు కుంగి చెట్టు కిందికి దిగుతుంది. మాను మొదలు మట్టిలో కూరుకుపోతే బెరడు ఊపిరాడక కుళ్ళుతుంది. నాకు తెలిసిన ఒక వెంచరులో ముఖద్వారం దగ్గర పెద్ద వేపను తెచ్చి నాటారు. గాలికి పడిపోతుందేమోనని భయపడి ఒకటిన్నర అడుగు లోతుగా దించి, పైన మట్టి పోసి, లాన్ పరిచారు. లాన్‌కు పొద్దున్నా సాయంత్రం స్ప్రింక్లర్ నీళ్ళు. మొదటి ఏడాది చెట్టు పచ్చగానే ఉంది. రెండో ఏడాది ఆకులు చిన్నవై, పైకొమ్మలు ఎండడం మొదలైంది. మందులు కొట్టారు, ఎరువులు వేశారు. మొదట్లో మట్టి తీసి చూసే ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. జేసీబీ బకెట్ గీసిన గొయ్యి గోడ నున్నగా, మెరుస్తూ వస్తుంది. వేరు దాన్ని చీల్చుకుని పోలేదు, నీరు దానిలోంచి ఇంకలేదు. వాన పడితే గొయ్యి చిన్న బావిలా నిలుస్తుంది. గునపంతో గోడలను గాట్లు పెట్టి గరుకు చెయ్యాలి. నాటబోయే ముందు గొయ్యి నిండా నీళ్ళు పోసి, మర్నాడు వెళ్ళి చూడాలి. నీళ్ళు అలాగే ఉన్నాయంటే ఆ చోటు పనికిరాదు, లేదా చెట్టును కాస్త మెరక మీద నాటుకోవాలి. ఎర్ర చెలకల్లో ఈ బాధ లేదు గానీ అక్కడ పోసిన నీరు నిలవదు.

నాటేశాం, క్రేన్ వెళ్ళిపోయింది. మూడు వారాలకు మాను నిండా ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. అందరికీ సంతోషం. ఆ చిగురు ఎక్కడిదో తెలుసా? మానులో, లావు వేళ్ళలో చెట్టు పిండిపదార్థం దాచుకుని ఉంటుంది. కొత్త వేరు పుట్టినా పుట్టకపోయినా ఆ నిల్వతో ఒక కాపు ఆకు వేస్తుంది. పంట చేతికి రాకముందే గాదెలో విత్తనపు గింజలు వండుకు తిన్నట్టు. ఇల్లు ఆ పూటకు కడుపు నింపుకున్నమాట నిజమే. ఆ ఆకులు ముదిరేలోపు వేళ్ళు మట్టిని పట్టుకుంటే సరి, లేకపోతే మొదటి రోహిణి కార్తెలో ఆకు మాడుతుంది. చెట్టు ఇంకోసారి చిగురించాలని చూస్తుంది, ఈసారి చిగురు పలుచగా వస్తుంది. మూడోసారి ఇక రాదు. అందుకే నేను చిగురు చూసి లెక్కలోకి తీసుకోను. రెండు వేసవులు దాటాక మాట్లాడదాం అంటాను.

నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, చెట్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. మాను అడ్డుకొలత ఒక్కో అంగుళానికి విడతకు 10 లీటర్లు. ఇందాకటి 8 అంగుళాల చెట్టుకు 80 లీటర్లు. తొలి ఆరు వారాలు రోజూ, తర్వాత అయిదు నెలలు రోజు విడిచి రోజు, ఆపైన చెట్టు నిలదొక్కుకునేదాకా వారానికోసారి. వాన బాగా పడిన రోజుల్లో అక్కర్లేదు, రేగడిలో ఇంకొంచెం తగ్గించాలి. నిలదొక్కుకోవడం అంటే ఎంతకాలం? చలిదేశాల్లో అంగుళం లావుకు ఏడాది అని లెక్క. ఏడాదంతా వెచ్చగా ఉండే మనలాంటి చోట, నీళ్ళకు లోటు రాకుండా చూస్తే అంగుళానికి మూడు నెలలు. మన 8 అంగుళాల చెట్టుకు రెండేళ్ళు, 16 అంగుళాల మానుకు నాలుగేళ్ళు.

ఎక్కడ పోస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. మొదటి నెలల్లో వేళ్ళన్నీ ముద్దలోనే ఉంటాయి. చుట్టూ ఉన్న కొత్త మట్టి తడిగా కనిపిస్తున్నా లోపల ముద్ద పొడిబారి ఉండొచ్చు. ట్యాంకరు మనిషి పైపు పెట్టి అయిదు నిమిషాల్లో వదిలిన నీళ్ళు గొయ్యి పక్కలకు జారిపోతాయి. ముద్ద మీదనే పాదు కట్టాలి, సన్నధారగా చాలాసేపు పెట్టాలి. అనుమానమొస్తే మాను పక్కన ముద్దలో జానెడు లోతు గుచ్చి పిడికెడు మట్టి తీసి నొక్కి చూడండి. ఉండ కట్టి, వేలితో మీటితే విడిపోతే సరిగ్గా ఉంది. ఉండే కట్టకపోతే నీళ్ళు చాలలేదు. చేతివేళ్ళ సందుల్లోంచి నీరు కారితే ఎక్కువైంది. వాడిన ఆకును చూసి నీళ్ళు పోసెయ్యడం మంచి అలవాటు కాదు, నీరెక్కువై వేరు కుళ్ళినా ఆకు అచ్చం అలాగే వాడుతుంది.

పాదులో ఎండుటాకులో, వరిగడ్డో, చెరకు పిప్పో నాలుగు అంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది. మానుకు తగలకుండా జానెడు ఖాళీ వదలాలి. యూరియా జోలికి మొదటి ఏడాది వెళ్ళొద్దు. లేని వేళ్ళు పీల్చలేవు, ఉన్న కాసినీ మాడతాయి. గాలికి ఊగకుండా మూడు వైపుల తీగలతో కడతారు. తీగ బెరడుకు ఒరుసుకోకుండా పాత రబ్బరు గొట్టం తొడగాలి, ఏడాది తిరిగాక మర్చిపోకుండా విప్పాలి. విప్పని తీగలు బెరడులోకి దిగిపోయి చెట్టు మెడకు ఉరిగా మారినవి రోడ్ల పక్కన చూస్తూనే ఉన్నాం.

నీరసపడ్డ చెట్టును చెద వెతుక్కుంటూ వస్తుంది. ఏడొందల ఏళ్ళదని చెప్పుకునే మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. చెదలు తొలిచి కొమ్మలు విరిగి పడుతుంటే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించారు. అంతకుముందు మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే అది నిలవక బయటికి కారిపోయింది. బరువైన కొమ్మలకు కింద దిమ్మలు కట్టి ఆసరా ఇచ్చారు. అంత పెద్ద వైద్యం దాకా రాకుండా, నాటిన చెట్టు మొదట్లో మట్టి గొట్టాల్లాంటివి పాకుతున్నాయేమో నెలకోసారి వంగి చూస్తే చాలు.

ఈ పనికి మనిషి కావాలి, ట్యాంకరు కావాలి, రెండు మూడేళ్ళు డబ్బు కావాలి. ఢిల్లీ ప్రభుత్వం 2020లో ఒక విధానం తెచ్చింది. ఏ పనికైనా అడ్డొచ్చిన చెట్లలో కనీసం 80 శాతం తరలించాలని, వాటిలో 80 శాతం ఏడాది తర్వాత బతికి ఉండాలని అందులో రాసుకున్నారు. 2022లో అక్కడి హైకోర్టుకు ప్రభుత్వమే ఇచ్చిన లెక్క ప్రకారం, అంతకుముందు మూడేళ్ళలో తరలించిన 16,461 చెట్లలో బతికినవి మూడోవంతు. కాగితం మీద శాతాలు రాసుకోవడం తేలికే.

అందుకని, మారుస్తామన్నారు కదా, ఇక రోడ్డు ఎటు వేస్తే ఏమిటి అనే ధోరణి నాకు నచ్చదు. హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే దారిలో, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల మేర రోడ్డు విస్తరణ తలపెట్టేనాటికి నిజాం కాలం నాటి మర్రులు సుమారు 900 ఉండేవి. మనం చేవెళ్ళ మర్రులు అని పిలుచుకునేవి. రోడ్డు విస్తరణకు వాటిని కొట్టొద్దని చెట్ల ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి పోరాడారు. మర్రి మొండిది కాబట్టి తీసి ఇంకోచోట పెట్టొచ్చు నిజమే. ఊడలు దింపుకుని రోడ్డు మీద గొడుగు పట్టిన మానును మోడు చేసి పెడితే, ఆ గొడుగు మళ్ళీ మన మనవల కాలానికి గానీ రాదు. రోడ్డును కాస్త పక్కకు జరిపి చెట్లను మధ్యలో ఉంచడం కుదిరినచోట అదే చెయ్యాలి. కుదరనిచోటే క్రేన్.

మీ ఊళ్ళో, మీ కాలనీలో చెట్లను తరలించబోతున్నారని తెలిస్తే, ఎన్ని చెట్లని అడగడంతో ఆగకండి. నీరు, నేల, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకున్నారా అని అడగండి. కందకం ఎప్పుడు తీశారో అడగండి. వచ్చే ఏప్రిల్‌లో, ఆపై ఏప్రిల్‌లో నీళ్ళెవరు పోస్తారు, ట్యాంకరు ఎవరిది అని అడిగి, ఆ పేరు రాయించుకోండి. కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన బిల్లులో సగం రెండో వేసవి దాటాక ఇచ్చేలా ఒప్పందం ఉందో లేదో చూడండి. లేకపోతే పని మొదలవకముందే పెట్టించండి, అయ్యాక ఎవరూ పెట్టరు.